చిటికెడుకు లెక్క

మొదటి రోజు. ఎత్తు సున్నా. త్రాసు సరిగా ఉంది.

భూమి నుంచి ఆకాశంలోని పై ఊరి దాకా బిగించిన మోకు మీద చక్రాలతో పాకే పెట్టెనే మోకు బండి అంటారు. పథ్యం ఉన్న ప్రయాణికులకు అది ఎక్కేటప్పుడు ఈ పుస్తకం ఇస్తారు. తిన్న ప్రతి వస్తువూ, దాని బరువూ, తిన్నాక ఒంట్లో ఎలా ఉందో సొంత చేతితో రాయాలి. పదకొండో రోజు పై ఊరి వైద్యాధికారిణి జరీనా గారు చదివి సంతకం పెడతారు. ముప్పై నాలుగేళ్లు సైన్సు చెప్పినదాన్ని. రికార్డు రాయడం నాకు కొత్త కాదు.

పథ్యం నాది కాదు. నా మనవరాలు ఆమనిది. వయసు ఇరవై రెండు. దానికి గోధుమ పడదు. గోరంత పిండి లోపలికి పోయినా పేగు వాచి మంచం పడుతుంది. ఆరో ఏట ఈ సంగతి తెలిసింది. అప్పటి నుంచీ దానికి నేనే వండుతున్నాను. పై ఊళ్లో గోడల అతుకులు తనిఖీ చేసే ఉద్యోగం వచ్చింది. అక్కడ పండించేది ఎక్కువగా పొట్టి గోధుమ. అందరూ అదే తింటారు. వేరే తిండి కావాలంటే ‘వేరు పళ్లెం’ చీటీ ఉండాలి. పడే తిండి పెడితే పిల్ల ఆరోగ్యంగా ఉంటుందని ఈ పుస్తకం చూపించాలి. ఆఖరి మూడు రోజులు కడుపు శుభ్రంగా లేకపోతే దిగనివ్వరు. ఎక్కిన పెట్టెలోనే కిందికి పంపేస్తారు. మళ్లీ పదేళ్ల దాకా మోకు ఎక్కడానికి లేదు.

నేను ‘వండిపెట్టే మనిషి’ అనుమతి మీద వెళ్తున్నాను. పథ్యం తప్పించినట్టు పుస్తకంలో తేలితే నా అనుమతి రద్దు. న్యాయమైన నిబంధనే.

మనిషికి మూడుంబావు కిలోల తిండి తెచ్చుకోనిస్తారు. ఇద్దరికీ కలిపి 6,410 గ్రాములు తెచ్చాను. వండి పోపు కలిపి ఎండబెట్టిన పులిహోర 2,400. అలాగే ఎండబెట్టిన పప్పన్నం 2,200. కందిపొడి 500. అటుకులు 300. బెల్లం 200. మజ్జిగ పొడి 500. పోపుల డబ్బా 310. ఏదీ పిండి మరకు పంపలేదు. మరలో నాకన్నా ముందు ఎవరు ఏం పట్టించారో నాకేం తెలుసు? అన్నీ ఇంట్లోనే దంచాను. ఉప్పు ప్యాకెట్టు మీది అక్షరాలు కూడా భూతద్దం పెట్టి చదివాను. ఇంట్లో ఎప్పుడూ వాడే ఇంగువ ముద్ద తెస్తానంటే వాసన అని మోకువాళ్లు ఒప్పుకోలేదు, పొడి కొనుక్కుని వంటలకూ అదే వాడి, మిగిలింది పోపుల డబ్బాలో నింపుకోవలసి వచ్చింది. అదొక్కటే అసంతృప్తి. పోపుల డబ్బాను మొత్తంగా తూచాను. అందులోంచి తీసేవి చిటికెళ్లు కనుక వాటికి విడిగా లెక్క ఉండదు.

సాయంత్రానికి మా బరువు సగమైంది. పెట్టెలో అందరి పళ్లేలూ వేడి చేసి ఇచ్చే మనిషి ఓబులేసు, నలభై ఏళ్లవాడు, నా రెండు గిన్నెల త్రాసు చూసి ఆగాడు.

“ఏమవ్వా, ఈ తక్కెడ ఏంటికి? నా కాడ తూచే మిషన్ ఉంది గదా.”

“నేను అవ్వను కాను, టీచర్ని. మీ మిషన్ స్ప్రింగుది. పైకి పోయేకొద్దీ తక్కువ చూపిస్తుంది. రెండు గిన్నెల త్రాసు ఎక్కడైనా నిజమే చెబుతుంది.”

“తక్కువ సూపిస్తే మంచిదే గదవ్వా. ఈడికెక్కినోళ్లంతా సన్నబడినామని సంబరపడతారు.”

ఆమని పకపకా నవ్వింది. నేను నవ్వలేదు. వేడి పెట్టె ఒక్కటేనా అని అడిగాను. ఒక్కటేనట. మిగతావాళ్లవి గోధుమ రొట్టెలు.

“మీది ముందు పెడతా. రొట్టెలు ఎనక. మీ పళ్లేనికి మూత ఏసే పెడతా. సరేనా అవ్వా?”

చూస్తాను.

రెండో రోజు. ఎత్తు 4,800 కిలోమీటర్లు.

బరువు మూడో వంతు. రక్తం తలకెక్కి ముక్కులు దిబ్బడ వేశాయి. నోటికి రుచి లేదు. ఆమని: ఉదయం అటుకులు 30, మధ్యాహ్నం పులిహోర 105, సాయంత్రం పప్పన్నం 105.

“గడ్డి తిన్నట్టుందమ్మమ్మా.”

“పై ఊరు పోయేదాకా అంతే. పట్టు.” అన్నం మీద రెండు చిటికెళ్లు ఇంగువ, కాస్త కారం చల్లి కలిపి ఇచ్చాను. ఇప్పుడు బాగుంది అంది.

మధ్య గదిలో కిటికీ ఉంది. అందరూ అక్కడ కూర్చుని రొట్టెలు తింటూ భూమిని చూస్తున్నారు. ఆమని వెళ్తానంది. రొట్టె పొడి గాల్లో తేలుతూ ఉంటుంది, వద్దన్నాను.

“పై ఊళ్లో అందరూ రొట్టెలే తింటారు. అక్కడ కూడా నన్ను గదిలో పెడతావా?”

“అక్కడ నేనుంటాను కదా, చూసుకుంటాను.”

అది గోడ వైపు తిరిగి పడుకుంది. మా గది మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. తిరగడానికి ఉన్న వైపులు రెండే.

మూడో రోజు. 7,200 కిలోమీటర్లు. బరువు ఐదో వంతు.

ఆమనికి కడుపు ఉబ్బరం. బరువు తగ్గితే పేగుల్లో గాలి కదలదు, అదే కారణమని మొదట అనుకున్నాను. మా ఇంట్లో ఉబ్బరానికి ఒకటే మందు. మజ్జిగలో ఇంగువ, ఉప్పు. మూడుసార్లు ఇచ్చాను. మజ్జిగ పొడి 45 గ్రాములు ఖర్చు. సాయంత్రానికి ఉబ్బరం ఎక్కువైంది.

నాలుగో రోజు.

వాంతులు మూడు. విరేచనాలు రెండు. రెండు రోజులు వరసగా కడుపు చెడితే గది మూసెయ్యాలి. పెట్టెలో పద్నాలుగు మంది ఒకే గాలి పీలుస్తున్నారు కాబట్టి ఆ నిబంధన తప్పు పట్టను. మధ్యాహ్నం ఓబులేసు వచ్చి తలుపు మూసి బయట నుంచి గడియ వేశాడు. తలుపు కింద అరచేయి వెడల్పు సందు ఉంది. పళ్లేలు ఇక అందులోంచే.

“భయపడొద్దండి అవ్వా. ఏం కావాలన్నా తలుపు కొట్టండి. నేనీడే ఉంటా.”

గడియ చప్పుడు విని ఆమని కళ్లు తెరిచింది. “నీకు అలవాటేగా అమ్మమ్మా, నన్ను లోపల పెట్టడం” అంది. జ్వరం లేదు. చూశాను. జ్వరంలో అన్న మాట కాదు.

ఐదో రోజు.

వాంతులు నాలుగు. పులిహోర 60 తిని 60 కక్కింది. ఇంగువ మజ్జిగ మూడుసార్లు. గోడకు చెయ్యి పెడితే మోకు మీద చక్రాలు తిరగడం తెలుస్తుంది. ఆగదు, వెనక్కి తిరగదు. దిగడానికి ఇంకా ఆరు రోజులు. పళ్లేలు తుడవడం, త్రాసు తుడవడం, మళ్లీ తుడవడం. చెయ్యడానికి ఇంకేమీ లేదు.

ఆరో రోజు. 14,400 కిలోమీటర్లు.

ఈ వాపు నేను ఎరుగుదును. దాని ఆరో ఏట చూసిన వాపు. ఇది గోధుమే. గోధుమ ఎక్కడి నుంచి వస్తుంది? నా మూటలో లేదు. ఉన్నది ఒక్కచోటే. తలుపు కొట్టాను.

“ఓబులేసూ, నిజం చెప్పండి. మా పళ్లెం ఏ అరలో పెడుతున్నారు?”

“పై అరలో. మీది మాత్రమే. పొద్దున్నే తుడిసి, ముందు మీదే పెడతాండా.”

“రొట్టెలు పెట్టిన చేతులతో కాదూ?”

“చేతులు కడుక్కోని ముడతానవ్వా. మొదట్రోజే మీరు సెప్పినారు గదా, మర్చిపోతానా?”

“అయితే నా మనవరాలు గాలి తిని వాచిందా?”

“నా మీద ఇదివరకే ఒక కంప్లయింటు ఉందవ్వా. ఇంకొకటి పడితే నన్ను మోకు మీద నుంచి తీసేస్తారు. నేను సెయ్యలేదు. అంతే సెప్పగలను.”

ఆమని పడుకునే అంది, “వదిలెయ్ అమ్మమ్మా. ఆయన మంచాయన.” మంచితనం వేరు, శుభ్రత వేరు. గోడకున్న మైకులో పై ఊరికి ఫిర్యాదు చెప్పాను. తేదీలు, గ్రాములు, అన్నీ వరసగా.

ఏడో రోజు.

జరీనా గారి గొంతు వచ్చింది. వయసులో చిన్నవారిలా ఉన్నారు. నా లెక్కలు ఇంత వివరంగా ఇదివరకు చూడలేదన్నారు. ఫిర్యాదు ఒప్పుకున్నారు. తప్పు వేడి పెట్టెది కాబట్టి ఇప్పటిదాకా పడ్డ బాధ ఆమని ఖాతాలో రాయరు. ఇక నుంచి వేడి చెయ్యకుండా తినమన్నారు. ఆఖరి మూడు రోజులు బాగుంటే చాలు, దింపుకుంటారు. నాకు అనుమతి ఖాయం చేసినట్టేనన్నారు. ఓబులేసును పై ఊళ్లో దిగగానే పనిలోంచి తీసేసి, కొత్త మనిషిని పెడతారు.

సంతోషించాను. రాయవలసింది రాస్తున్నాను కాబట్టి అదీ రాస్తున్నాను.

చల్లటి పప్పన్నం 70, మీద రెండు చిటికెళ్ల ఇంగువ. మజ్జిగ మూడుసార్లు. వాంతులు మూడు.

ఎనిమిదో రోజు. 19,200 కిలోమీటర్లు. బరువు ఇరవయ్యో వంతు.

ఈ పేజీ రెండు గంటలు ఖాళీగా ఉంచాను.

పొద్దున ఆమని పుస్తకం అడిగింది. ఇచ్చాను. మొదటి పేజీ నుంచి ఒక్కొక్క గీత మీద వేలు పెట్టుకుంటూ చదివింది. పనిలో గోడ అతుకులు చూసేది కూడా అలాగేనేమో.

“వేడి చెయ్యకుండా తిన్నా వాంతులు తగ్గలేదు. అంటే పళ్లెంలో వేసేదాంట్లోనే ఉంది. ఇందులో ఇంగువ ఎక్కడ రాశావు?”

“చిటికెడుకు లెక్కేమిటే?”

“రోజుకు ఎన్ని చిటికెళ్లు?”

లెక్కపెట్టాను. రెండు పూటలా అన్నం మీద రెండేసి, మజ్జిగలో మూడు. మొత్తం ఏడు. ఇవి కాక ఇంటి దగ్గర కలిపిన పోపులో ఎంతో తెలియదు. ఎప్పుడూ తూచలేదు.

“ఆ పొడి ప్యాకెట్టు మీద ఏం రాసి ఉంది?”

చదవలేదు. ఉప్పుది చదివాను, పసుపుది చదివాను. ఇంగువను చదవాలని తోచలేదు. పొడి పోపుల డబ్బాలో పోసి ప్యాకెట్టు చెత్తలో వేశాను. పోపుల డబ్బా గిన్నెలకు అక్షరాలుండవు.

తలుపు కొట్టి టింక్చర్ అయొడిన్ అడిగాను. ఓబులేసు ఏంటికని అడగకుండా మందుల పెట్టెలోంచి తెచ్చి సందులోంచి తోశాడు. మూడు మూతల్లో మూడు వస్తువులు పెట్టాను. బెల్లం మీద చుక్క వేస్తే గోధుమ రంగులోనే ఉండిపోయింది. అటుకుల మీద నీలం అయింది, అటుకుల్లో పిండి పదార్థం ఉంటుంది కనుక. ఇంగువ మీద వేశాను. ఇంగువ చెట్టు పాలు. దానిలో పిండి పదార్థం ఉండకూడదు. ఎనిమిదో తరగతి పిల్లలకు ఈ పరీక్ష నేను వందసార్లు చేసి చూపించి ఉంటాను.

నల్లబడేంత నీలం అయింది.

“ఏం పిండి?” అంది ఆమని.

సందు అవతల నుంచి ఓబులేసే చెప్పాడు. “పొడి ఇంగువనా అవ్వా? దాంట్లో గోదుమ పిండే గదా కలిపేది. నేను ముందు పనిజేసిన కొట్టాయన కూడా అంతే, పిండి నన్నే కలపమంటాండె. ముద్దంటే ఘాటు, పొడంటే పిండి.”

పది చిటికెళ్లు తీసి తూచాను. ఈ ఎత్తులో త్రాసు ముల్లు నిలబడడానికి ఆరు నిమిషాలు పట్టింది. మూడు గ్రాములు. రోజుకు ఏడంటే 2.1. అందులో సగం పిండి అనుకున్నా, రోజుకు గ్రాము గోధుమ. పిల్లకు జబ్బు పెరిగినకొద్దీ మందు అని అదే ఇచ్చాను.

ఆమని ఏడవలేదు, తిట్టలేదు. “ఇప్పుడేం రాస్తావు?” అంది.

ఏమీ రాయకపోతే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. ఇంగువ మానేస్తే అది కోలుకుంటుంది. తప్పు వేడి పెట్టెదని పై ఊరు ఒప్పుకుంది. నేను దానితో దిగుతాను. దాని పళ్లెం రోజూ నేనే తూస్తాను. పోయేది ఓబులేసు ఒక్కడే.

రాస్తే నా అనుమతి పోతుంది.

“నువ్వేమంటావు?” అని అడిగాను. పదహారేళ్లలో దాని తిండి విషయం దాన్ని అడగడం ఇదే మొదటిసారని అడిగాక తెలిసింది.

“నీ పుస్తకం అమ్మమ్మా. నేను చెప్పను. నేను చెబితే నువ్వు రాసినట్టుండదు.”

అధికారిణి జరీనా గారికి: పైన రెండో రోజు నుంచి ఏడో రోజు దాకా నేను రాసిన లెక్క తప్పు. ప్రతి రోజూ ఇంగువ పొడి 1.2 నుంచి 2.1 గ్రాముల దాకా రాయకుండా విడిచిపెట్టాను. అందులో గోధుమ పిండి ఉంది. ఓబులేసు తప్పు ఏమీ లేదు. ఆరో రోజు ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను. ఇదే మాట మైకులో కూడా చెప్పాను, పదకొండో రోజు దాకా ఆగితే చేతికి ఇంకో ఆలోచన వస్తుందేమోనని.

అదే రోజు, సాయంత్రం.

ఇప్పుడు తిండి లేదు. పులిహోర, పప్పన్నం, కందిపొడి, అన్నిట్లోనూ ఆ ఇంగువే. ఆమనికి పడని తిండి తీసేస్తే మిగిలినవి అటుకులు 120, బెల్లం 85, మజ్జిగ పొడి 90. ఐదు రోజులుగా కక్కిన పిల్లకు మూడు రోజులకు ఇవి చాలవు. పెట్టెలో అందరి దగ్గరా ఉన్నవి రొట్టెలు.

తలుపు కొట్టాలి. కొట్టడానికి చాలాసేపు పట్టింది.

“ఓబులేసూ... మీరు ఏం తింటారు?”

“నేనా? సంగటి. రొట్టె నాకు అరగదవ్వా. రాగి పిండి ఇంటి కాడ నుంచి తెచ్చుకుంటా.”

“ఎక్కడ పట్టించారు?”

అవతల నవ్వు వినిపించింది. “పట్టిచ్చలేదు. మా యమ్మ ఇసుర్రాయిలో ఇసిరింది. మా ఇంట్లో గోదుమల ముఖమే సూడలేదు. కాయితం లేదు, అక్షరాలు లేవు. నమ్మితే తినండి.”

ఆ మాట తూచడానికి నా దగ్గర త్రాసు లేదు. నమ్మాను.

తొమ్మిది వందల గ్రాములు కావాలన్నాను, ఇద్దరికి మూడు రోజులు. తన దగ్గరున్నది తొమ్మిది వందల యాభైట. అంతా ఇచ్చేశాడు. “మరి మీకు?” అంటే మా పులిహోర అడిగాడు. సందులోంచి తోశాను. కాసేపటికి అవతల నుంచి, “శానా బాగుందవ్వా. ఇంగువ బాగా దట్టిచ్చినారు” అన్నాడు.

ఆమని కడుపు పట్టుకుని నవ్వింది. నొప్పికి కళ్లనీళ్లు వచ్చినా ఆపలేదు. ఈసారి నాకూ నవ్వొచ్చింది.

తొమ్మిదో రోజు.

గదిలో అన్నీ కడిగాను. పోపుల డబ్బా మూత బిగించి బయటికి పంపాను. ఆమని: రాగి జావ, పిండి 150, ఉప్పు 1, బెల్లం 20. వాంతి ఒకటి, పొద్దున. తరవాత లేదు. ఆ ఒక్కటి లెక్కలోకి వస్తుందా అని మైకులో అడిగాను. చూస్తామన్నారు. ఉప్పు ఓబులేసుది. ఈరోజు నుంచి అదీ తూస్తున్నాను.

పదో రోజు.

రాగి జావ 150, మజ్జిగ పొడి 20. వాంతులు లేవు. ఉబ్బరం సగానికి తగ్గింది. ఈరోజు అది తనే తూచుకుంది. నేను మధ్యలో అందుకోబోతే, “చేతులు వెనక్కి పెట్టుకో టీచర్ గారూ” అంది. పెట్టుకున్నాను. ముల్లు నిలబడేదాకా పది నిమిషాలు దానికి ఊపిరి తగలకుండా చూసింది. నేను నేర్పినదే.

గడియ మాత్రం తియ్యలేదు. దిగేదాకా తియ్యరట.

పదకొండో రోజు. 26,400 కిలోమీటర్లు. బరువు యాభయ్యో వంతు.

జరీనా గారు ముఖానికి గుడ్డ కట్టుకుని వచ్చారు. ఆమని పొట్ట నొక్కి చూశారు, రక్తం తీశారు, ఈ పుస్తకం నిలబడే మొత్తం చదివారు. ఎనిమిదో రోజు పేజీ రెండుసార్లు చదివారు.

“తొమ్మిదో రోజు వాంతి పాత తిండిది. అది లెక్కలోకి తీసుకోను” అన్నారు. “గోధుమ ఇస్తే ఏమవుతుందో, మానేస్తే ఏమవుతుందో, రెండూ ఈ పుస్తకంలోనే ఉన్నాయి. ఇంతకంటే రుజువు నాకు అక్కర్లేదు. వేరు పళ్లెం ఇస్తున్నాను.”

తరవాత నా వైపు చూశారు. ఏదో చెప్పబోయారు.

“నిబంధన చదివే ఎక్కానండి” అన్నాను.

వండిపెట్టే మనిషి అన్న మాట మీద గీత కొట్టి సంతకం పెట్టారు. ఓబులేసు పని ఓబులేసుకే ఉంది.

గడియ తీశారు. ఆమని గుమ్మం దాటి, ఆగి, వెనక్కి వచ్చింది.

“త్రాసు ఇస్తావా?”

“ఈ ఎత్తులో ఒక్క తూకానికి పావుగంట పడుతుందే.”

“పావుగంట ఆగుతాను.”

ఇచ్చాను. తూకం రాళ్ల పెట్టె కూడా ఇచ్చాను. సగం గ్రాము రాయి జారిపోతుంది, జాగ్రత్త అని చెప్పాను. నన్ను గట్టిగా పట్టుకుని వదిలింది. బరువు లేనట్టే కదా, ఇద్దరం కాస్త పైకి లేచి మళ్లీ నేలకు ఆనాం.

దిగే ప్రయాణం, మొదటి రోజు.

ఈ పుస్తకం ఇక ఎవరూ అడగరు. పేజీలు మిగిలాయి.

ఆ పెట్టే, ఆ గదే. నా అనుమతి రద్దు కావడంతో భూమి మీద దిగే కట్ట చేరేదాకా ఇందులోనే ఉండాలి. మళ్లీ పదకొండు రోజులు. తలుపుకు గడియ లేదు. అయినా మధ్యాహ్నం దాకా బయటికి వెళ్లాలని తోచలేదు. ఎవరి పళ్లేనికీ కాపలా ఉండక్కర్లేని మనిషి ఎక్కడ కూర్చోవాలో తెలియలేదు.

ఓబులేసు వచ్చి, “అవ్వా, కిటికీ కాడికి రాండి. భూమి అగపడతాది” అన్నాడు. వెళ్లాను. పై ఊళ్లో కొత్తగా రాగి పిండి సంపాదించాడట, రెండు పళ్లేల్లో సంగటి పెట్టాడు. ఎంత పెట్టాడో తెలియదు. తూచడానికి లేదు.

తింటుండగా గోడ మైకు పలికింది. ఆమని గొంతు.

“అమ్మమ్మా, రాసుకో. మొదటి పూట. చిలగడదుంప 240. బియ్యం 90. ఉప్పు సున్నా పాయింట్ నాలుగు.” కొంచెం ఆగింది. “దీన్నే చిటికెడు అంటారట. నలభై నిమిషాలు పట్టింది తూచడానికి. అన్నం చల్లారిపోయింది. తింటున్నాను.”